మూడో మైకు

చెవులాయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది బ్యాంకు వాళ్లకీ కరెంటు బిల్లుకీ తప్ప ఇంకెవరికీ అక్కర్లేకుండా పోయింది. చెవులు చూస్తే అందరి చెవుల్లాంటివే, చేటలంతేమీ ఉండవు. కాకపోతే మీసం సరిగా మొలవని వయసులో రికార్డింగ్ స్టూడియోలో అద్దం వెనక కుర్చీ ఎక్కిన మనిషి, తల పూర్తిగా నెరిసి ఆ స్టూడియో మూతపడేదాకా ఆ కుర్చీ దిగలేదు. హాలు నిండా వాయిద్యాలు మోగుతున్నప్పుడు వెనక వరసలో ఎవరి కుర్చీ కిర్రుమందో, పొద్దున టిఫిను మానేసి వచ్చినవాళ్లలో ఎవరి కడుపు గుర్రుమందో అద్దం ఇవతల నుంచే చెప్పేసేవాడు. ఈ సంగతులన్నీ లోకానికి ఎలా తెలిశాయంటే ఆయనే చెప్పాడు. తన గొప్ప తాను చెప్పుకునేటప్పుడు మాత్రం ఎదుటివాళ్ల ఆవులింత ఆ చెవులకి వినపడేది కాదు.

ఆ స్టూడియోలో ఒక ఆచారం ఉండేది. ఆయన ముందున్న బల్ల నిండా తిప్పే నాబ్‌లు. వాటిలో ఎడమ చివర ఉన్న బూడిద రంగు నాబ్ దేనికీ కలిపింది కాదు. దాని కింద తీగే లేదు. డబ్బు పెట్టిన పెద్దమనిషి వెనక సోఫాలో కూర్చుని "పాటకి ఇంకొంచెం తీపి కావాలయ్యా" అంటే, "అలాగేనండి" అని వినయంగా ఆ నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పేవాడు. పెద్దమనిషి కళ్లు మూసుకుని ఒక్క నిమిషం విని, "ఆ, ఇప్పుడు చూడు, ప్రాణం లేచొచ్చింది" అనేవాడు. ఆ కుర్చీలో అంతకు ముందు కూర్చున్న గురువు వెళ్లిపోతూ, "దీన్ని మాత్రం ఎప్పుడూ బాగు చేయించకు" అని చెప్పి మరీ అప్పగించి వెళ్లాడు. చెవులాయన ఆ మాట నిలబెట్టాడు. అది మోసమని ఆయన ఏనాడూ అనుకోలేదు, నమ్మకం కూడా సౌండులో భాగమే అనేవాడు.

ఆయన పెళ్లి కూడా ఆ అద్దం దగ్గరే కుదిరింది. అప్పట్లో కోరస్ పాడే అమ్మాయిలు ఆరుగురూ ఒక్క మైకు చుట్టూ నిలబడేవాళ్లు. కోరస్‌లో ఏ గొంతూ విడిగా తెలియకూడదు, తెలిస్తే అది తప్పు కింద లెక్క. ఒకరోజు ఎడమ నుంచి మూడో గొంతు తెలిసింది. ఈయన మాట్లాడే మైకు నొక్కి, "మూడో అమ్మాయీ, ఒక అడుగు వెనక్కి" అన్నాడు. ఆ అమ్మాయి వెనక్కి జరిగింది. మళ్లీ పాడారు, మళ్లీ తెలిసింది. "ఇంకో అడుగు" అన్నాడు. అలా వెనక్కి వెళ్లీ వెళ్లీ ఆ అమ్మాయి వీపు గోడకి తగిలింది. అప్పటికీ తెలుస్తూనే ఉంటే, ఈ గొంతేమిటి, ఆ మనిషెవరో చూద్దామని తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. ఆ వెళ్లడం వెళ్లడం పెళ్లిదాకా వెళ్లాడు. "మీ బావ నన్ను గోడకి ఆనించి మరీ చేసుకున్నారే" అని ఆవిడ తన చెల్లెలితో ఇప్పటికీ అంటుంది.

పెళ్లయ్యాక కూడా ఆవిడ కోరస్ పాడటం మానలేదు. ఎవరూ చెప్పక్కర్లేకుండానే అందరికంటే ఒక అడుగు వెనక నిలబడి, గొంతు సగానికి దించి పాడటం అలవాటు చేసుకుంది. ఆ తర్వాత ఏ పాటలోనూ ఆవిడ గొంతు ఎక్కడుందో పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆ పనిలో అంతకు మించిన మెప్పు లేదు మరి.

స్టూడియో ఇప్పుడు ఫర్నిచర్ షాపు అయింది. వాయిద్యాలు కూర్చున్న చోట మంచాలు అమ్ముతున్నారు. మూసేసే రోజున చెవులాయన ఒక సంచీ నిండా పాత మైకులు, ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేవని ఒక టేపు మిషను ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంటి వెనక గదిలో గోడలకి పరుపులు నిలబెట్టి, కిటికీకి బొంతలు కట్టి, ఒక మూల పుస్తకాల బీరువా పెట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. ఆ గదిలో చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతుంది. వచ్చిన ప్రతివాళ్ల చేతా చప్పట్లు కొట్టించేవాడు. ప్రకటనలు చదివేవాళ్లు, పిల్లల పాఠాలు చెప్పేవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి పని చేయించుకుని వెళ్లేవాళ్లు. బండి సాఫీగానే నడుస్తోంది.

అలాంటి రోజుల్లో ఇంటికి కొత్త కాలింగ్ బెల్ పెట్టించారు. పాతది గణగణ మోగేది, కొత్తది సన్నగా ఈల వేస్తుంది. అది పెట్టినప్పటి నుంచి, ఈయన ఒక్కడే ఇంట్లో ఉన్నప్పుడు వచ్చినవాళ్లు వచ్చినట్టే తిరిగెళ్లిపోతున్నారు. నాసిరకం సరుకు అంటగట్టాడని షాపు వాణ్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీస్తూ, "మోగుతూనే ఉంది కదండీ" అంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన పరీక్ష చేసి, "మాటలకీ పాటలకీ ఢోకా లేదండీ. పైన సన్నటి శబ్దాలు మాత్రం తగ్గాయి. ఈ వయసుకి మామూలే" అన్నాడు. మొదటి మాట మన మనిషి చెవిన పడనే లేదు. రెండో మాట మాత్రం గుండెల్లో రాయిలా పడింది. దారి పొడుగునా దాన్ని మోసుకుంటూ ఇంటికొచ్చి, కూరగాయలకి వెళ్లానని అబద్ధమాడాడు. చేతిలో సంచీ లేదని ఆవిడ చూసింది.

సరిగ్గా ఆ వారంలోనే మరదలు ఊడిపడింది. భార్యకి స్వయానా చెల్లెలు, కోరస్‌లో మొదటి గొంతు, నోటికి తాళం లేని మనిషి.

"బావా, ఇన్నేళ్లూ ఎవరెవరి వెనకో నిలబడి ఆ అంటే ఆ, ఓ అంటే ఓ అన్నాం. ఇప్పుడు మేమే పాడతాం. పాత ఆరుగురమే. పాటలు నేనే కట్టాను. ముందు ఎవరూ ఉండరు."

"మరి వెనక?"

"వెనకా మేమే."

"బాగానే ఉంది. ఒక్కొక్కరు వచ్చి పాడి వెళ్లండి, నేను కలుపుతాను."

"ఒక్కొక్కరం పాడటం మాకు చేతకాదు బావా. పక్కదాని ఊపిరి చూసి మేం ఊపిరి తీసుకుంటాం. ఆరుగురం ఒక్కసారే పాడాలి. అలాగని ఒకే మైకు అన్నావంటే ఊరుకోను, ఆ పాత బాగోతం నా వల్ల కాదు. ఒక గొంతు ఎక్కువైతే అందరం మొదట్నుంచీ పాడాలి. మనిషికో మైకు కావాలి. నీ దగ్గర కుదరకపోతే మొహమాటం లేకుండా చెప్పు. మెయిన్ రోడ్డు మీద కొత్త స్టూడియో పెట్టారు. అక్కడి కుర్రాడు మంచివాడు, చెవులు కూడా కొత్తవి."

మరదలు ఆ చివరి మాట ఎప్పటిలాగే ఆట పట్టించడానికే అంది. అది ఎక్కడ గుచ్చుకుందో ఆమెకి తెలియదు.

"మెయిన్ రోడ్డు లేదు, ఏమీ లేదు" అన్నాడు చెవులాయన. "ఈ గదిలోనే పాడతారు. పెట్టె ఒక్కటి కొనాలి, అంతే."

మైకులో పుట్టిన శబ్దం తీగలో అలలాగా వస్తుంది. కంప్యూటర్‌కి అలలు తెలియవు, అంకెలే తెలుసు. మధ్యలో కూర్చుని అలల్ని అంకెలుగా మార్చిపెట్టే పెట్టెని కన్వర్టర్ అంటారు. చెవులాయన దగ్గరున్న పెట్టెకి రెండు మైకులే పడతాయి. ఇలాంటివే ఇంకో రెండు కొని పక్కన పెడితే సరిపోదా అని మరదలు అడిగింది.

"ఒక్కో పెట్టె కడుపులో ఒక్కో గడియారం ఉంటుందమ్మా. ఒక ఇంట్లో మూడు గడియారాలు ఎప్పుడైనా ఒకే టైము చూపించాయా? పాట మొదట్లో అందరూ కలిసే బయలుదేరతారు. చివరికొచ్చేసరికి నువ్వొక వీధిలో, మీ అక్క ఇంకో వీధిలో ఉంటారు. ఆరుగురూ ఒకే పెట్టెలోకి రావాలి."

మైకులూ పెట్టెలూ అమ్మే షాపతను చెవులాయనని చూడగానే లేచి నిలబడే రకం. "గురువుగారూ" అంటూ ఎనిమిది మైకుల పెట్టెలన్నీ తెచ్చి గాజు బల్ల మీద పేర్చాడు. చెవులాయన వాటి ముఖం వైపు కన్నెత్తి చూడలేదు. ఒక్కోదాన్ని తీసుకుని వెనక్కి తిప్పాడు.

"తమ్ముడూ, ముందు వైపు దీపాలు చూసి మురిసిపోతే మన పని గోవిందా. పెట్టె సంగతి ఎప్పుడూ వీపు మీదే ఉంటుంది. ఇదిగో, పైన ఎనిమిది అని ఇంత లావున రాశాడు. వెనక చూస్తే మైకు పట్టేవి రెండే. మిగతా ఆరిటికీ ఇంకో మిషను కొనుక్కోవాలి. ఇది తీసెయ్. దీనికి లోపల ఫ్యాను ఉంది, మా మరదలు ఊపిరి తీసుకునే చోటల్లా ఇది పాడుతుంది. తీసెయ్. ఇది మంచిదే గానీ చేసినవాళ్లు దీన్ని వదిలేశారు, కొత్త కంప్యూటర్ దీన్ని గుర్తుపట్టదు. ఇదీ తీసెయ్."

చివరికి ఒక నల్ల పెట్టె మిగిలింది. చూడటానికి వెలిసిపోయిన టిఫిన్ డబ్బాలా ఉంది. ఎనిమిది మైకులూ నేరుగా పడతాయి, ఫ్యాను లేదు, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి అతుకుతుంది, ధర అందుబాటులో ఉంది. బుద్ధున్నవాడెవడైనా అక్కడితో ఆగి ఇంటికి వెళతాడు. చెవులాయన కూడా జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడే షాపతను వెనక బీరువాలోంచి వెండి రంగు పెట్టె ఒకటి రెండు చేతులతో పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు. దాని ధర ముందు నల్లది ఏ మూలకీ రాదు.

"దీంట్లో పైన సన్నటి శబ్దాలు గాజు మీద గీసినట్టు వస్తాయి గురువుగారూ. మామూలు చెవికి తేడా తెలియదు. మీలాంటి చెవికైతే తెలుస్తుంది."

చెవులాయన జేబులోంచి చెయ్యి తీసేశాడు. ఆ క్షణం నుంచి ఆయనకి పెట్టె అవసరం లేదు, పరీక్ష కావాలి. ఆ తేడా వినిపిస్తే తన చెవులు ఇంకా తనవే. వినిపించకపోతే డాక్టరు మాటే నిజం, గది మూసేసి మరదల్ని మెయిన్ రోడ్డుకి పంపడమే మర్యాద. వినిపిస్తుందన్న ధీమా మాత్రం బోలెడంత ఉంది. రెండూ ఇంటికి పట్టుకెళ్లి విని చెబుతానన్నాడు, షాపతను సంతోషంగా ఇచ్చాడు. ఆ సంబరంలో వెండి పెట్టెని వెనక్కి తిప్పి చూడటం మర్చిపోయాడు.

ఆదివారం పొద్దున్నే ఆరుగురూ దిగారు. ఇల్లంతా చెప్పులు, నవ్వులు. చెవులాయన వెనక గదిలో ఆరు మైకులు అర్ధచంద్రాకారంలో నిలబెట్టి, బల్ల మీద రెండు పెట్టెలూ పెట్టి, భార్యకి పని అప్పగించాడు. తను హెడ్‌ఫోన్ తీగ తలుపు కిందుగా లాక్కుని, తలుపేసుకుని, వంటింట్లో స్టూలు మీద కూర్చుంటాడు. వాళ్లు ఒకే పాట రెండుసార్లు పాడాలి. మొదటిసారి ఒక పెట్టెలోంచి, రెండోసారి ఇంకోదాంట్లోంచి. మధ్యలో తీగలు మార్చడం ఆవిడ వంతు, రికార్డు నొక్కడం మరదలి వంతు.

"ఏది ముందో నాకు చెప్పకూడదు. నేనే చెబుతాను" అన్నాడు.

మొదటిసారి పాడారు. బాగుంది. తప్పు పట్టడానికి లేదు. ఆరు గొంతులూ ఒద్దికగా, ఇస్త్రీ చేసిన బట్టల్లా ఉన్నాయి. మనసుకి మాత్రం ఏమీ తగల్లేదు. తర్వాత గదిలో తీగలు లాగిన చప్పుడు, ఏదో గొణుగుడు, మరదలి నవ్వు వినిపించాయి. ఇంతలో పాట మళ్లీ అందుకున్నారు.

చెవులాయన వెన్ను నిటారుగా అయింది. పాట మధ్యలోకి ఒక వెచ్చదనం వచ్చి కూర్చుంది. అదే పాట, అదే ఆరుగురు, కానీ ఇప్పుడు దాని కింద ఎవరో గట్టిగా నేల పరిచినట్టుంది. మరదలు పైకి వెళ్లినప్పుడల్లా పడిపోనని తెలిసినదానిలా వెళుతోంది. పాట అయ్యేసరికి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. స్టూలు తన్నుకుంటూ లేచి తలుపు తీశాడు.

"రెండోది. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. రెండోసారి పెట్టింది వెండి పెట్టె, అవునా? ఆగు, చెప్పొద్దు. నాకు తెలుసు."

ఆవిడ ఏదో చెప్పబోయి ఆయన మొహం చూసి ఆగింది. మరదలు నోరు తెరవబోతే అక్క ఆమె కాలు తొక్కింది. మిగతా నలుగురూ చెప్పులు వెతుక్కునే పనిలో పడ్డారు.

ఇక ఆ మనిషి కాళ్లు నేల మీద ఆనలేదు. పక్కింటాయనకి చెప్పాడు, పాలవాడికి చెప్పాడు, ఇస్త్రీ చేసే అతన్ని ఆపి మరీ చెప్పాడు. షాపతనికి ఫోన్ చేసి, వెండి పెట్టే కావాలనీ, అంత డబ్బు చేతిలో లేదు గనక దానికి బదులు తన టేపు మిషను తీసుకోమనీ అన్నాడు. షాపతను ఎగిరి గంతేశాడు. ఆ మిషను మీద అతని కన్ను ఎప్పటి నుంచో ఉంది.

రెండు రోజులకి వ్యాను వచ్చింది. మనుషులు మిషనుని మెల్లిగా వరండాలోకి తెచ్చారు. మరదలు పాటల మాట మాట్లాడదామని వచ్చి గుమ్మంలో ఒక పక్కగా నిలబడింది. ఆవిడ లోపల నుంచి వచ్చి మిషను మీద చెయ్యి వేసింది.

"ఏమండీ, దీన్ని దించమనండి."

"మాటిచ్చేశాను. అడ్డం రాకు."

"ఆ వెండి పెట్టె తీగ మన కంప్యూటర్‌కి పట్టలేదండీ. దాని చివర వేరేగా ఉంది, ఎటు తిప్పి గుచ్చినా దూరలేదు. రెండుసార్లూ నల్లదాంట్లోనే పాడాం."

చెవులాయన లోపలికి వెళ్లి వెండి పెట్టెని వెనక్కి తిప్పి చూశాడు. ఆవిడ చెప్పింది నిజమే.

"ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదా" అన్నాడు బయటికొచ్చి.

"చెబుదామనే అనుకున్నాను. మీ మొహం అంత వెలిగిపోతుంటే నోరు రాలేదు. అలా చూసి చాలా కాలమైంది."

"అయితే మీ స్టూడియోలో ఆ బూడిద రంగు నాబ్‌ని అక్క నీకే తిప్పింది బావా" అంది మరదలు. ఎవరూ నవ్వలేదు. ఎందుకన్నానా అని ఆమే నాలుక కరుచుకుంది.

చెవులాయన వరండా మెట్టు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ సోఫాలో కూర్చున్న పెద్దమనుషుల్ని తలుచుకుని లోలోపల నవ్వుకున్నవాడు, ఇప్పుడు తనే ఆ సోఫాలో ఉన్నాడు. లేని తేడా విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది. వ్యాను వాళ్లని పంపేసి, డాక్టరు చెప్పిన సంగతి ఇద్దరికీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

"మీరు మెయిన్ రోడ్డు కుర్రాడి దగ్గరికే వెళ్లండమ్మా. నా చెవుల పని అయిపోయింది."

"బెల్లు సంగతి నాకు తెలియదనుకున్నారా" అంది ఆవిడ మెల్లిగా. "వినపడని బెల్లు వదిలెయ్యండి. మేం పాడింది వినపడిందిగా."

ఆయన వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. రెండు పెట్టెలూ సర్ది షాపుకి తిరిగిచ్చేయాలి. దానికి ముందు కంప్యూటర్‌లో ఉన్న ఆ రెండు పాటలూ చెరిపేయాలి. అక్కడే పాత వృత్తిధర్మం ఒకటి అడ్డం వచ్చింది. టేపుల కాలంలో ఒకసారి చెరిపితే ఇంక దొరికేది కాదు గనక, చివరిసారి వినకుండా దేన్నీ చెరిపేవాళ్లు కాదు. ఎంత కోపంలో ఉన్నా చెవులాయన ఆ పద్ధతి తప్పలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటిది విన్నాడు, ఒద్దికగా ఉంది. రెండోది పెట్టాడు.

ఆ వెచ్చదనం అక్కడే ఉంది.

ఆయనకి ఒళ్లు మండింది. అదే పెట్టె, అవే మైకులు, అవే తీగలు. లేని తేడా మళ్లీ ఎలా వినిపిస్తోంది? ఇంకోసారి విన్నాడు, ఉంది. ఇంక పట్టుదల వచ్చేసింది. మనిషికో మైకు ఉండటంలో ఉన్న సుఖం అదే, ఏ గొంతుని కావాలంటే ఆ గొంతుని విడిగా వినొచ్చు. మొదటి మైకు ఒక్కటీ ఉంచి మిగతావన్నీ ఆపేశాడు. మరదలి గొంతు రెండు పాటల్లోనూ ఒకేలా ఉంది. రెండో మైకు పెట్టాడు, అక్కడా తేడా లేదు.

మూడో మైకు పెట్టాడు. మొదటి పాటలో దూరంగా, సగం దించిన గొంతు, దాని చుట్టూ గది వినిపిస్తోంది. రెండో పాటలో ఆ గొంతు మైకు ముందే ఉంది, నిండుగా ఉంది. దాచుకున్నదేమీ లేకుండా పాడుతోంది. ఒకనాడు గోడదాకా పంపినా తెలుస్తూనే ఉన్న గొంతు అది. ఆయనని అద్దం వెనక నుంచి లేపి తీసుకెళ్లిన గొంతు అది.

తేడా ఉంది. చెవులు విన్నది నిజమే. ఆ ఘనతని తీసుకెళ్లి పెట్టెకి కట్టబెట్టడమే తప్పు. భార్య గొంతు విని, అది ఏ కంపెనీ సరుకో అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. టేపు మిషను కూడా ఇచ్చేయబోయాడు. చెవులాయన ఆ గదిలో ఒక్కడే కూర్చుని నవ్వాడు. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని తలుపు తీసి ఆవిడని పిలిచాడు.

"మొన్న రెండోసారి పాడినప్పుడు ఎక్కడ నిలబడ్డావు?"

"ఎక్కడ నిలబడతాను, నా చోటే."

"కాదు."

ఆవిడ గుర్తు తెచ్చుకుంది. "ఆ తీగ దూరక మైకు పక్కనే వంగి తంటాలు పడుతున్నాను. దూరదని నల్లదే మళ్లీ తగిలించేసరికి, ఇంక చాల్లే అని మా చెల్లి రికార్డు నొక్కేసి అందుకుంది. వెనక్కి వెళ్లే వ్యవధి లేకపోయింది. లేచినచోటే పాడేశాను." అంతలో ఆవిడ మొహం చిన్నబోయింది. "ఏం, తెలిసిపోయిందా? ఈసారి చూసుకుంటాలెండి."

"చూసుకోకు" అన్నాడాయన.

మర్నాడు వెండి పెట్టెని షాపు బల్ల మీద పెట్టి, నల్ల పెట్టెకి డబ్బు కట్టాడు. షాపతనికి మతిపోయింది.

"తేడా తెలియలేదా గురువుగారూ?"

"తెలిసింది తమ్ముడూ. అది మీ షాపులో దొరకదు."

పాటల రోజు వచ్చింది. చెవులాయన మరదల్ని పిలిచి, "ఆ బెల్లు తీగ పీకెయ్యమ్మా. పాట మధ్యలో మోగితే మీకు వినపడుతుంది, నాకు వినపడదు" అన్నాడు. అంత తేలిగ్గా అనగలనని ఆయనే అనుకోలేదు. మరదలు స్టూలెక్కి బెల్లు తీగ పీకేసి, "నాతో పని చేయించుకుంటున్నావు, గుర్తుంచుకో బావా" అంది. ఈసారి కంప్యూటర్, నల్ల పెట్టె వంటింటి గట్టు మీద ఉన్నాయి. పక్కన మాట్లాడే మైకు కూడా పెట్టుకున్నాడు. మైకుల తీగలన్నీ తలుపు కిందుగా వచ్చాయి. మధ్యలో అద్దం లేదు, వాళ్లు ఆయనకి కనపడరు.

ఆరుగురూ అందుకున్నారు. మొదటి చరణం సగం అయిందో లేదో చెవులాయన ఆపమన్నాడు.

"మూడో ఆవిడా, ఒక అడుగు ముందుకి."

మొదటి మైకులో మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న చప్పుడు వినిపించింది. చూడకుండా ఎలా చెప్పాడని ఎవరో గుసగుసలాడారు. మూడో మైకు దగ్గర చీర గరగరలాడింది. మళ్లీ పాడారు. ఆయన మళ్లీ ఆపాడు.

"ఇంకో అడుగు."

ఈసారి ఆవిడ గొంతు ఆయన చెవి పక్కనే, రహస్యం చెబుతున్నంత దగ్గరగా వచ్చింది. "ఇంకా ముందుకొస్తే అందరికీ తెలిసిపోతుందండీ."

"తెలియనీ" అని చెవులాయన రికార్డు నొక్కాడు.